ఈకలు, ఈక మార్పిడి: పక్షిపరిణామమున వాని స్థానము (కడప మండల దృష్టాంతములతో)

నిర్వచనము

చర్మపు పైపొరనుండి మొలకెత్తి, కెరటిన్ అను దృఢపదార్థముచే నిర్మితమై, పూర్తిగా పెరిగిన వెంటనే రక్తప్రసారమును కోల్పోయి నిర్జీవమగు శరీరాచ్ఛాదనమునకు ఈక యని పేరు. నేడు జీవించియున్న జంతువులలో ఇది పక్షులకు మాత్రమే కలదు. నిర్జీవమగుటచేత అరిగిన ఈకను పక్షి బాగుచేసికొనజాలదు; ముక్కుతో దువ్వి, తోకమొదట నుండు గ్రంథినుండి నూనె తీసి పూసికొని దాని ఆయువును కొంత పొడిగించుకొనగలదే కాని, తుదకు దానిని విడిచి, ఆ కూపమునుండియే క్రొత్తదానిని పెంచుకొనవలసినదే. ఈ విడుపును పెంపును కలిపి ఈక మార్పిడి యందురు. ఎగురుట, గ్రుడ్లు పెట్టుట, వలసపోవుట అను పనులన్నియు పక్షి సంవత్సరమున ఈ మార్పిడికి చోటు విడిచి సాగవలసినవే గనుక, పక్షిజీవనమును గ్రహింపగోరువారు ముందుగా దీనిని గ్రహింపవలెను.

ఈ వ్యాసమున దృష్టాంతములు సాధ్యమైనంతవరకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండియు, వానిని చుట్టియున్న పాలకొండలు, లంకమల, నల్లమలలనుండియు గైకొనబడినవి. ఏటికి సుమారు 700 మి.మీ. వర్షపాతము గల ఈ నల్లరేగడి, రాతిగుట్టల సీమలో పక్షి యేడాది పంచాంగమును వానయే వ్రాయును.

పరిణామచరిత్ర

పక్షుల పుట్టుకకు సాక్ష్యమును కడప మండలపు రాళ్ళలో వెదకుట వ్యర్థము. వేంపల్లె సున్నపురాయియు, గండికోట వద్ద పెన్న కోసికొనిపోయిన కొండరాయియు నూరుకోట్ల సంవత్సరములకు మించిన ప్రాచీనములు. వేంపల్లె రాతియందు సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన దిబ్బల గురుతులున్నవి గాని, ఎముకగల ప్రాణి ఏదియు నాటికి పుట్టలేదు. సమీపమున పక్షుల పురాతనాస్థులు దొరకినది కర్నూలు మండలము బేతంచెర్ల వద్ద బిళ్ళసర్గము గుహలలో; రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1884-85 ప్రాంతమున త్రవ్విన ఆ యెముకలను రిచర్డ్ లిడెక్కర్ వర్ణించెను. అవియు నేటి జాతులకు దగ్గరివే కనుక పరిణామపు తొలిమెట్టును చూపవు.

ఆ తొలిమెట్టు జర్మనీదేశపు సోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో వెల్లడియైనది. 1861లో హెర్మన్ ఫాన్ మేయర్ వర్ణించిన ఒంటి ఈకయు, ఆ వెనుక దొరకిన అస్థిపంజరములును ఆర్కియోప్టెరిక్స్ అను ప్రాణిని లోకమునకు ఎరుకపరచినవి. దాదాపు 15 కోట్ల సంవత్సరముల నాటి ఈ ప్రాణికి రెక్కల ఈకలును, దంతములును, పొడవైన ఎముకల తోకయు కలవు. డార్విన్ గ్రంథము వెలువడిన రెండేండ్లకే ఇట్టి మధ్యస్థరూపము లభించుట విశేషము. థామస్ హక్స్‌లీ పక్షులకును డైనోసారులకును బంధుత్వమును ప్రతిపాదించెను. ఆ వాదము ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున వెనుకబడి, జాన్ ఆస్ట్రమ్ 1969లో డైనోనికస్ అను చురుకైన మాంసాహారి డైనోసారును వర్ణించిన పిదప తిరిగి బలపడినది.

1996లో చైనాలోని ల్యావోనింగ్ మండలమునుండి సైనోసారోప్టెరిక్స్ వెల్లడియైనపుడు చర్చ దాదాపు ముగిసినది. ఎగురలేని చిన్న డైనోసారు దేహముపై నూగువంటి పోచలు స్పష్టముగా కానవచ్చుటచే, ఈకలు ఎగురుటకై పుట్టలేదనియు, వెచ్చదనమునకో ప్రదర్శనమునకో ముందు పుట్టి పిమ్మట ఎగురుటకు వినియోగింపబడినవనియు తేలినది. 2003లో మైక్రోరాప్టర్ అను చిన్న డైనోసారుకు నాలుగు రెక్కలు కలవని తెలిసినది. 2010 నాటికి ఈకలలో మిగిలిన వర్ణకణముల ఆకృతినిబట్టి ఆంకియోర్నిస్ అను ఈకల డైనోసారు దేహవర్ణమును సైతము శాస్త్రజ్ఞులు చెప్పగలిగిరి. ఈకకూపము గొట్టమువలె మొలచి, ఆ గొట్టము పోచలుగా చీలి, పోచలకు చిరుపోచలు పుట్టి, అవి కొక్కెములతో పెనవేసికొని పలకయగుట యను క్రమమును రిచర్డ్ ప్రమ్ 1999లో ప్రతిపాదించెను. శిలాజములు చాలవరకు దీనిని బలపరచుచున్నవి.

తెలుగునేలపై డైనోసారుల జాడ గోదావరి పరీవాహమునందలి కోట శిలలలో కలదు. యామనపల్లి పేరిట నామకరణము చెందిన కోటసారస్ అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలుపబడినది. ఇది నాలుగుకాళ్ళ శాకాహారి. పక్షులకు పూర్వులైన రెండుకాళ్ళ మాంసాహారులకు దాయాదియే కాని జనకుడు కాదు.

6.6 కోట్ల సంవత్సరముల క్రిందట సంభవించిన మహావినాశమును దాటి వచ్చిన కొలది పక్షిశాఖలనుండియే నేటి పదివేలకు పైబడిన జాతులు విస్తరించినవి. 2014లో 48 జాతుల, 2024లో 363 జాతుల సంపూర్ణ జన్యుపటములను పోల్చి ఈ వంశవృక్షమును సవరించిరి; అయినను వినాశానంతరము శాఖలు అతివేగముగా చీలుటచే కొన్ని బంధుత్వములు నేటికిని వివాదాస్పదములే.

కలివికోడి: వంశవిస్తారమునకు కడప సాక్ష్యము (చూ. జెర్డాన్, లంకమల)

నెల్లూరు మొదలగు సీమలలో సంచరించిన సైనికవైద్యుడు థామస్ జెర్డాన్ సేకరించిన కలివికోడి నమూనాను ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో వర్ణించెను. 1900 తరువాత ఇది కానరాక, నశించినదనియే తలపబడినది. 1986 జనవరిలో సిద్ధవటము ప్రాంతమున రెడ్డిపల్లె వద్ద, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి అన్వేషణలో, స్థానికుల సాయమున తిరిగి చేజిక్కినది. శాస్త్రజ్ఞులు చిత్రపటములు చేతబట్టి వెదకుచుండగా, కలివిపొదల నడుమ రాత్రివేళ తిరుగు ఆ కోడిని ఆ ఊరివారు పేరుతోసహా ఎరిగియుండిరి. దీని రక్షణకై 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

పరిణామదృష్టితో చూచిన దీని ప్రాముఖ్యము వేరు. రైనోప్టిలస్ అను ఈ ప్రజాతియందలి తక్కిన జాతులన్నియు ఆఫ్రికావాసులు. ఒక్క కలివికోడి మాత్రము తూర్పుకనుమల ముళ్ళపొదలలో మిగిలినది. రొమ్ముపై రెండు గోధుమపట్టీలు, వాని నడుమ తెలుపు గల ఈ యీకలు దేహపురేఖను ముక్కలు చేసి, పొదనీడలో కదలక నిలిచిన పక్షిని నేలలో కలిపివేయును. కంటికి కానరాకపోవుటచే పి. జెగనాథన్, రైస్ గ్రీన్ మొదలగువారు మెత్తని మట్టిపట్టీలపై పడిన అడుగుజాడలను, స్వయంచాలిత కెమెరాలను, కూత ధ్వనిముద్రలను ఆధారము చేసికొని దీని ఉనికిని నిర్ధారించిరి. 1917లో కోలారు ప్రాంతమున సేకరింపబడి అబర్డీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో పడియున్న యొక గ్రుడ్డును, పెంకునందలి జన్యుపదార్థమును పరీక్షించి దీనిదేయని 2013లో ప్రకటించిరి.

నిర్మాణము, భేదములు

ఈకకు నడిమి కాడ, కాడకిరుప్రక్కల పోచలు, పోచలకు చిరుపోచలు, వానికి కొక్కెములు కలవు. విడిన పోచలను వ్రేళ్ళ నడుమ మెల్లగా సవరించిన తిరిగి పలకగా అతుకుకొనుట ఎవరైనను పరీక్షింపవచ్చును. రెక్కలయందును తోకయందును ఎగురుటకుపయోగించు పెద్ద ఈకలు, దేహమును కప్పు ఈకలు, అడుగున వెచ్చదనమునిచ్చు నూగుటీకలు, స్పర్శజ్ఞానమునకు తోడ్పడు సన్నని రోమములవంటి ఈకలు అని ముఖ్యభేదములు. కొన్ని పక్షులలో ముక్కుచుట్టు మీసములవంటి ఈకలును కలవు.

ఎండసీమకు తగిన ఈకల రచనకు ఇసుకపావురము ఉత్తమోదాహరణము. రాయలసీమ మెట్టనేలలలో, గడ్డిబీళ్ళలో నివసించు ఈ జాతి గింజలు మాత్రమే తినుటచే నీటికై ప్రతిదినము కుంటకో వంకకో రావలసినదే. పిల్లలు మాత్రము ఎగురలేక దూరమున నేలపైననే యుండును. మగపక్షి నీటి అంచున దిగి, రొమ్ముక్రింది ఈకలను విప్పి, దేహమును అటునిటు ఊపుచు నీటిలో ముంచును. ఆ యీకల చిరుపోచలు పొడిగా నున్నప్పుడు చుట్టలు చుట్టుకొని యుండును. తడి తగిలినంతనే చుట్ట విడి నిలువుగా లేచి, ఒత్తైన పొదవలె నీటిని పట్టి నిలుపును. మగపక్షి పిల్లల యొద్దకు చేరి నిలిచినపుడు అవి దాని క్రిందికి దూరి ఆ యీకలనుండి నీటిని పీల్చుకొనును. 1896లో మీడ్-వాల్డో దీనిని వ్రాసినప్పుడు పలువురు నమ్మలేదు. 1967లో కేడ్, మెక్లీన్ అనువారు ఆఫ్రికాలోని నమాక్వా జాతిపై పరిశోధించి రుజువుచేసిరి. ఆ జాతి మగపక్షి సుమారు 25 మి.లీ. నీరు పట్టగలదు. 2023లో సూక్ష్మదర్శినులతో చేసిన పరిశోధనలో కాడకు దగ్గరి చిరుపోచలకును చివరివానికిని వంపునందు, బిగువునందు గల భేదమే నీరు జారిపోకుండుటకు కారణమని తెలిసినది. సామాన్యముగా నీటిని తోసివేయుటకేర్పడిన ఈక ఇచట నీటిని మోయుటకు మారినది.

కోళ్ళలో మెడపై ఈకలు లేని రకముకూడ ఈ సందర్భమున స్మరింపదగినది. ఒక జన్యుమార్పుచే మెడవద్ద ఈకకూపములు ఏర్పడకపోవుటయే దీనికి కారణము. వేడి సులభముగా వెలువడుటచే 40 డిగ్రీలు దాటు వేసవిగల ప్రదేశములందు ఇట్టి కోళ్ళు తక్కినవానికంటె బాగుగా ఓర్చుకొనును.

వర్ణములు (చూ. పాలపిట్ట, నెమలి, రామచిలుక)

ఈకల రంగులు రెండు విధములు. మెలనిన్ వలన నలుపు, గోధుమ, ఆహారమునుండి చేరు కెరోటినాయిడ్ల వలన పసుపు, ఎరుపు కలుగును, ఇవి వర్ణద్రవ్యములు. నీలము మాత్రము దాదాపు ఎల్లప్పుడును ద్రవ్యము కాదు, నిర్మాణము. నీలపుటీకను నలిపి పొడిచేసిన నీలము మాయమగును. 1934లో బెంగుళూరున సర్ చంద్రశేఖర వెంకటరామన్ తాను స్థాపించిన విజ్ఞాన అకాడమీ పత్రిక మొదటి సంపుటములోనే పక్షుల ఈకల రంగులపై వ్యాసము ప్రకటించెను. ఆయన పరీక్షించినది మన పాలపిట్ట ఈకలే. పోచల అంతర్నిర్మాణమునందు వెలుగు చెదరు తీరే ఆ నీలమునకు మూలము. 1998లో ప్రమ్ మొదలగువారు పోచలలోని గాలిబుడగల, కెరటిన్ అల్లిక క్రమబద్ధమని చూపి, వెలుగు యాదృచ్ఛికముగా గాక సంఘటితముగా చెదరుచున్నదని స్థాపించిరి. నెమలిపింఛపు కన్నునందు మెలనిన్ కణికలు జాలకముగా అమరియుండుననియు, ఆ కణికల నడుమ దూరము మారినకొలది రంగు మారుననియు 2003లో చైనా శాస్త్రజ్ఞులు నిరూపించిరి. రామచిలుక ఆకుపచ్చ, చిలుకజాతికే ప్రత్యేకమైన పసుపుద్రవ్యమును నీలనిర్మాణమును కలిసి కలిగించిన ఫలము.

ప్రజలు ఈకవర్ణమును గుర్తించు విధము శాస్త్రమునకు తీసిపోదు. పందెపు కోళ్ళను నలుపైన కాకి, తెలుపైన సేతు, ఎరుపైన డేగ యని వర్గీకరించు పద్ధతి తెలుగుదేశమంతట కలదు. వీనికి అంటగట్టిన శుభాశుభముల మాట అటుంచి, వర్ణవిభజనము మాత్రము మిక్కిలి సూక్ష్మపరిశీలనతో కూడినది.

నెమలి పింఛము మగనెమలికి ఏల అంత పెరిగినదని డార్విన్ చింతించి 1871లో ఆడపక్షి ఎంపికయే కారణమని వ్రాసెను. మరియన్ పెట్రీ 1990 ప్రాంతమున ఇంగ్లండులో కన్నుల సంఖ్య ఎక్కువైన మగపక్షులకు జతకూడుట ఎక్కువని కనుగొనెను. 2008లో జపానులో చేసిన దీర్ఘపరిశీలనలో అట్టి సంబంధము కానరాలేదు. వాదము ముగియలేదు.

ఈక మార్పిడి

*పద్ధతి.* క్రొత్త ఈక మొలకెత్తి, పాతదానిని పైకి త్రోయును. పెరుగుచున్న ఈక నెత్తురుతో నిండిన గొట్టములో నుండుటచే అది విరిగిన నెత్తురు కారును. రెండు రెక్కలలోను ఒకే స్థానపు ఈకలు దాదాపు ఒకేసారి రాలుటచే సమతౌల్యము చెడదు. పెరికిన ఈక స్థానమున వెంటనే క్రొత్తది మొలచును. కత్తిరించిన ఈక మాత్రము తరువాతి మార్పిడి వరకు అట్లే యుండును. విజయదశమినాడు చూపుటకై పాలపిట్టలను పట్టి రెక్కలు కత్తిరించు వాడుకలోని క్రౌర్యము ఇక్కడ తెలియును: పండుగ ఒకనాటిది, పక్షి ఎగురలేకపోవుట నెలలకొలదిది.

*పెరటికోడి.* ఈక మార్పిడిని దగ్గరగా చూడదలచినవారికి నాటుపెట్టకు మించిన గ్రంథము లేదు. ముందు తల, మెడ, పిమ్మట రొమ్ము, దేహము, తుదకు రెక్కలు, తోక ఈకలు రాలును. రెక్కకొస ఈకలు పది. లోపలిదానితో మొదలై బయటికి వరుసగా రాలును. ఒక్కొక్కటి పూర్తిగా పెరుగుటకు సుమారు ఆరువారములు పట్టును. కనుక రెక్కను విప్పి, ఎన్ని ఈకలు క్రొత్తవి, ఎన్ని సగము పెరిగినవి, ఎన్ని పాతవి యని చూచిన, పెట్ట ఎంతకాలముక్రిందట గ్రుడ్డు మానినదో చెప్పవచ్చును. మంచి గ్రుడ్లపెట్ట ఆలస్యముగా మొదలిడి, పలు ఈకలను ఒకేసారి విడిచి, త్వరగా ముగించును. సోమరిపెట్ట ముందుగా మొదలిడి మెల్లగా సాగదీయును. ఈకలోని కెరటిన్ కొరకు శరీరము మాంసకృత్తులను వెచ్చించుటచే, గ్రుడ్డు పెట్టుటయు ఈక పెంచుటయు ఏకకాలమున సాగవు. ప్రొద్దుటూరు అంగడిలో తూచి అమ్ము బ్రాయిలరు కోడి సుమారు ఆరువారములకే కోతకు పోవుటచే దానికి వయోజనమార్పిడి అను అనుభవమే యుండదు. నూగునుండి బాల్యపుటీకలకు మారుటతో దాని చరిత్ర సమాప్తము. వాణిజ్యపు గ్రుడ్లఫారములలో తిండి మాన్పించి ఈకలు రాల్పించి, తిరిగి గ్రుడ్లు పెట్టించు పద్ధతి కలదు. దానిని క్రూరత్వముగా నిర్ణయించి 2011లో భారత జంతుసంక్షేమమండలి మానవలసినదని ఆదేశించినది.

*నెమలి.* పింఛమనునది తోక కాదు. తోకపై కప్పు ఈకలు పొడుగుగా పెరిగినవి. అవి నూటయేబదికి మించును. వానలలో జతకూడు కాలము ముగిసిన పిమ్మట మగనెమలి వీనిని రాల్చి, చలికాలమంతయు మరల పెంచుకొనును. కొండంచు చేలలో దొరకు పింఛములలో అధికభాగము ఇట్లు రాలినవే.

*అడవికోడి.* దక్షిణాపథపు బూడిదవర్ణపు అడవికోడిపుంజు మెడయందు మైనపుచుక్కల ఈకలు కలవు. సంతానకాలము తీరిన వెనుక, వానమాసములందు, వీనిని విడిచి నల్లని సాదా ఈకలు ధరించి, కొన్ని నెలలకు తిరిగి పూర్వపు సొగసును పొందును. మన యింటికోళ్ళ పూర్వుడు ఎఱ్ఱ అడవికోడియే యైనను, వాని పసుపురంగు చర్మమునకు కారణమైన జన్యువు ఈ బూడిదవర్ణపు జాతినుండి చేరినదని 2008లో తెలియవచ్చినది.

*గిజిగాడు.* పిచ్చుకవంటి గోధుమరంగు మగపక్షి వానరాకకు ముందు తలపై, రొమ్ముపై పసుపుటీకలు ధరించి గూడు అల్లుటకు పూనుకొనును. ఋతువు ముగియగా తిరిగి ఆడపక్షివలె మారును. ఇట్టి జాతులలో ఈ పసుపు వృషణముల హార్మోనుచే గాక మెదడు అడుగున నుండు పీయూషగ్రంథి స్రావముచే కలుగునని ఎమిల్ విట్చీ ఆఫ్రికా జాతులలో చూపెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జె. పి. థప్లియాల్, ఆయన శిష్యులు 1960 ప్రాంతమున గిజిగానిపై ఈ పరిశోధనను సాగించిరి.

*జలపక్షులు, రాబందులు.* బాతులు, హంసలు రెక్క ఈకలన్నిటిని ఒక్కమారు విడిచి మూడు నాలుగు వారములు ఎగురలేక నీటిలో దాగును. మన చెరువులకు చలికాలమున వచ్చు పట్టెతల బాతు ఈ కష్టమును టిబెట్టు, మంగోలియాలలోనే ముగించుకొని నూతనపక్షములతో హిమాలయము దాటును. రాబందులవంటి పెద్ద పక్షులకు ఒక్క యేటిలో రెక్క ఈకలన్నియు మార్చుట సాధ్యముకాదు. దేహము పెరిగినంత వేగముగా ఈకపెరుగుదల పెరుగకపోవుటయే దీనికి కారణమని 2009లో సీవర్ట్ రోవర్ మొదలగువారు లెక్కించిరి. మైక్రోరాప్టర్ శిలాజమున ఈకలు క్రమముగా మారుచున్న గురుతులు 2020లో కనబడినవి. రెక్క ఈకలను వరుసగా మార్చు పద్ధతి పక్షులకంటెను ప్రాచీనమని దీనివలన ఊహింపవచ్చును.

పరిశోధనా విధానములు

న్యూయార్కునందు జోనాథన్ డ్వైట్ 1900లో ప్రకటించిన గ్రంథము ఈక మార్పిడి శాస్త్రమునకు పునాది. హంఫ్రీ, పార్క్స్ అనువారు 1959లో ఋతువులతోను సంతానకాలముతోను ముడివడని పరిభాషను ఏర్పరచిరి. జర్మనీలో ఎర్విన్, వెస్టా స్ట్రెసెమాన్ దంపతులు 1966లో ప్రపంచపక్షుల మార్పిడిని సమీక్షించిరి. మన సీమకు సంబంధించినంతవరకు 1929లో ఆరంభమైన, వెర్నే పేరిట ప్రసిద్ధమైన తూర్పుకనుమల సర్వేక్షణము ముఖ్యము. పాలకొండలు, నల్లమల మొదలగు చోట్ల సేకరించిన నమూనాలను హ్యూ విస్లర్, కిన్నియర్ అనువారు పరిశీలించి, ఏ జాతి ఏ నెలలో ఏ యీకలు మార్చుచున్నదో జాతివారీగా వ్రాసిపెట్టిరి. పక్షిని చంపి నమూనా చేయు ఆ కాలపు పద్ధతి నేడు సమ్మతము కాదు గాని, ఆ తారీఖుల విలువ తగ్గలేదు.

నేడు వలలో పట్టిన పక్షి కాలికి ఉంగరము తొడిగి, ఒక్కొక్క రెక్క ఈకకు పాతదైన సున్న, పూర్తిగా పెరిగిన క్రొత్తదైన ఐదు, నడుమ దశలకు ఒకటి మొదలు నాలుగు వరకు అంకెలు వేసి విడిచిపెట్టుదురు. ఈక పెరిగినచోటి నీటియందలి హైడ్రోజన్ ఐసోటోపుల భేదములు ఈకలో నిలిచిపోవుటచే, రాలిన ఒక్క ఈకను పరీక్షించి పక్షి ఏ అక్షాంశమున దానిని పెంచుకొనినదో ఇంచుమించుగా చెప్పవచ్చును. భారతదేశపు పక్షుల ఈకలకు చిత్రసహితమైన గ్రంథాలయము 2021లో ఆరంభమైనది.

చట్టము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే నెమలి, కలివికోడి మొదలగునవి రక్షితములు. సహజముగా రాలిన నెమలియీకలను దేశములోపల ఉంచుకొనుట, అమ్ముట నేరము కాదు. విదేశములకు ఎగుమతి నిషిద్ధము. పెరికిన ఈకకును రాలిన ఈకకును భేదము కాడమొదట కనబడును: పూర్తిగా పెరిగి రాలినదాని మొదలు పొడిగా, నున్నగా, మూసుకొనియుండును, బ్రతికిన పక్షినుండి బలవంతముగా తీసినదానికి నెత్తుటి మరకయో చర్మపు తునకయో అంటియుండవచ్చును. అటవీ అధికారులు, ప్రయోగశాలలవారు ఈ లక్షణమునే మొదట పరీక్షింతురు.